ప్రోగ్రెస్ కార్డు లేని పిల్ల



ప్రతి ఆదివారం ఒక భాగం రాస్తానని మీకు మాటిచ్చి, వరసగా నాలుగు ఆదివారాలు ఎగ్గొట్టాను. కొందరు ఇన్‌బాక్స్‌లో "మేడం, ఆరోగ్యం బాగుందా?" అని అడిగారు. ఒక తమ్ముడు మాత్రం "మీరెప్పుడూ ఇట్లనే చేస్తరు కద మేడం, మాకు అలవాటే" అని నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ తమ్ముడు అన్నది నిజం. ఈ వారం ఆ "ఇట్లనే" గురించే రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పోయినేడాది ఒక సెమిస్టర్‌లో ఒక సెక్షన్ ఇంటర్నల్ మార్కులు నేను ఆన్‌లైన్‌లో ఎక్కించలేదు. పేపర్లు దిద్దాను. మార్కులు వేశాను. లిస్టు నా బ్యాగులోనే ఉంది. గడువు ఎప్పుడో కూడా తెలుసు. రోజూ రేపు చేద్దామనుకున్నాను. గడువు దాటిపోయింది. ముప్పై ఎనిమిది మంది రిజల్ట్ ఆగింది. అందులో సగానికి పైగా మన పిల్లలే.

ఒకమ్మాయి వాళ్ల నాయినను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "మేడం, మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా?" అని అడిగాడు. "ఆమె తప్పేం లేదు, నేనే మర్చిపోయిన" అన్నాను. ఆయన నమ్మలేదు. పెద్ద చదువు చదివినామె అట్లా ఎట్లా మర్చిపోతదని నా ముఖం వైపు, బిడ్డ ముఖం వైపు మార్చి మార్చి చూశాడు.

రిజల్ట్ రెండు వారాల్లో వచ్చింది. ఆయన చూపు మాత్రం నాతోనే ఉండిపోయింది. నా పీహెచ్‌డీకి ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది, కరెంటు బిల్లు చేతిలో డబ్బులుండగా ఎందుకు కట్టను, చెప్పులేసుకుని బయటికొచ్చాక తాళంచెవి కోసం రోజూ మూడుసార్లు ఎందుకు లోపలికి పోతాను - అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అంతకుముందు వీటన్నిటికీ నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: నేను బద్ధకస్తురాలిని.

సర్కారు దవాఖానాలో సైకియాట్రీ ఓపీకి పోయాను. డాక్టర్ గారు విన్నారు. వెంటనే ఏ పేరూ పెట్టలేదు. నిద్ర ఎట్లా ఉంది, దిగులుగా ఉంటుందా, ఆందోళన ఉందా అని అడిగి రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.6 ఉంది. మన ఇండ్లలో ఆడవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు కదా. మూడు నెలలు ఐరన్ గోలీలు మింగాను. అలసట తగ్గింది. మర్చిపోవడం తగ్గలేదు. అప్పుడు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఏడీహెచ్‌డీని చూపించే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. అది తేలేది మాటల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఏఎస్‌ఆర్‌ఎస్ అనే ప్రశ్నావళి ఉంది. మొత్తం 18 ప్రశ్నలు, అందులో మొదటి ఆరు జల్లెడ లాంటివి. మొదలుపెట్టిన పని చివర్లో ఆగిపోతుందా, అపాయింట్‌మెంట్లు మర్చిపోతారా, బాగా ఆలోచించాల్సిన పనిని వాయిదా వేస్తారా - ఇట్లాంటివి. ఎప్పుడూ లేదు నుంచి చాలా తరచుగా దాకా ఐదు జవాబులు. జల్లెడ పట్టడమంటే నిర్ధారణ కాదు. ఇంకా లోతుగా చూడాలా వద్దా అని మాత్రమే అది చెబుతుంది.

నిర్ధారణకు వాడే డీఎస్‌ఎమ్-5లో ధ్యాస నిలవకపోవడానికి తొమ్మిది లక్షణాలు, కుదురు లేకపోవడానికి, తొందరపాటుకు కలిపి తొమ్మిది లక్షణాలు ఉన్నాయి. పిల్లలకైతే ఏదో ఒక తొమ్మిదిలో కనీసం ఆరు ఉండాలి. పదిహేడు దాటినవాళ్లకు ఐదు చాలు. ఒక్కచోటనే ఉంటే సరిపోదు, ఇంట్లో, పనిలో, కనీసం రెండు చోట్ల ఉండాలి. వాటివల్ల బతుకు నిజంగా దెబ్బతింటూ ఉండాలి. ఇంకో జబ్బు వల్ల వస్తున్నవి కాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ లక్షణాల్లో కొన్ని పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి. పాత పుస్తకంలో ఈ హద్దు ఏడేళ్లు. 2013లో పన్నెండుకు పెంచారు.

ఈ చివరి షరతు దగ్గర నేను ఆగిపోయాను.

"మీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఉన్నాయా? టీచర్లు రాసిన రిమార్కులు ఏమైనా?" అని అడిగింది సైకాలజిస్టు. మంచి మనిషి, మంచి ప్రశ్నే. ఊరికి పోయి అమ్మ ట్రంకుపెట్టె తీశాను. ప్లాస్టిక్ కవర్లో మడత నలగకుండా నా కుల ధ్రువీకరణ పత్రం ఉంది. ఆదాయ పత్రం ఉంది, రేషన్ కార్డు జిరాక్సు ఉంది, పదో తరగతి మెమో ఉంది. నేనే కులమో చెప్పే కాగితం నాలుగు కాపీలున్నాయి. నేనెట్లాంటి పిల్లనో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఉండదు కూడా. మా ఊరి బడిలో ఒక సారు ఉండేవాడు. వాడ నుంచి వచ్చిన పిల్లలందరినీ కిటికీ పక్కన ఒక వరసలో కూర్చోబెట్టి, "వీళ్లకు చదువు ఎక్కదు" అనేవాడు. మా వరసలో ఒకడికి చూపు సరిగా లేదు. ఒకామె పొద్దున తినకుండా వచ్చేది. ఒకడు చురుకైనవాడు, లెక్కలు నోటితో చెప్పేవాడు. నేను కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉండేదాన్ని. నలుగురికీ కలిపి సారు దగ్గర ఒకటే రిమార్కు. ఏడీహెచ్‌డీ పరీక్షలో పిల్లను ఆమె ఈడు పిల్లలతో పోల్చి చూస్తారు. నన్ను నా ఈడు పిల్లలతో పోల్చినవాళ్లే లేరు. వాడను ఊరితో పోల్చారు, అంతే.

నా థీసిస్ దళిత ఆత్మకథల మీద. అందులో తరగతి గది గురించే ఒక అధ్యాయం ఉంది. బాబాసాహెబ్ బడికి ఇంటి నుంచి తీసుకుపోయి పరుచుకున్న గోనెపట్టా గురించి రాశాను. 'జూఠన్'లో ఓంప్రకాశ్ వాల్మీకి చేత హెడ్‌మాస్టర్ బడి ఊడిపించడం గురించి రాశాను. బడి ఊడుస్తున్న పిల్లవాడికి పాఠం మీద ధ్యాస ఉందో లేదో ఏ టీచరు చూస్తాడు? ఈ ప్రశ్న థీసిస్ రాసేటప్పుడు నాకు తట్టలేదు. ఆ ట్రంకుపెట్టె ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

కాగితం లేకపోతే మనిషి. అమ్మను తీసుకుపోయాను.

మొదట అమ్మ నన్ను కాపాడింది. "మా పిల్లకేం రోగం లేదు మేడం. మస్తు మంచిగ సదివింది. ఒక్క మాట పడలే ఎవరితోని." సైకాలజిస్టు ఫారంలో ఉన్నవి ఒక్కొక్కటే అడిగింది. హోంవర్కు పూర్తి చేసేదా? బొమ్మలు పోగొట్టుకునేదా? ఆటల్లో తన వంతు వచ్చేదాకా ఆగేదా? అన్నిటికీ "మంచిగనే" అంది అమ్మ. మా ఇంట్లో హోంవర్కు చూసే మనిషి లేదు. పోగొట్టుకోవడానికి బొమ్మ లేదు.

సైకాలజిస్టు ఫారం పక్కన పెట్టింది. "అమ్మా, చిన్నప్పుడు ఈమెకు మీరేం పనులు చెప్పేవాళ్లు?" అంది.

అమ్మ ముఖం మారింది. నవ్వొచ్చింది ఆమెకు. "ఏం పనులు మేడం! ఉప్పు తెమ్మని దుకాణానికి తోలితే ఉప్పూ రాకపాయె, పైసలూ రాకపాయె. సూస్తే ఈమె చింతచెట్టు కింద చీమల బారు సూసుకుంట కూసునేది. పత్తి ఏరబోతే అందరం సాలెంబడి సాలు పోతుంటే, ఈమె ఈ సాలుల సగం, ఆ సాలుల సగం ఏరేది. పటేలు సూస్తే కైకిలి పైసలు కోస్తడని ఎనకనుంచి నేనే మల్ల ఏరుకుంట వచ్చేదాన్ని. ఈమె తమ్ముడు ఈమెకంటె రెండేండ్లు సిన్నోడు, వాడు మంచిగ ఏరేటోడు."

సైకాలజిస్టు రాసుకుంటూనే ఉంది. అదీ పోలిక. ఈడు పిల్లలతో, తోడబుట్టినవాడితో. బడి రాయని ప్రోగ్రెస్ కార్డు పత్తిచేను దగ్గర దొరికింది.

బయటికొచ్చాక అమ్మనడిగాను, మొదట్లోనే ఎందుకు చెప్పలేదని. "సార్లకు పిల్లల ఏదన్న లోపమున్నదని చెప్తే బడి మాన్పియ్యమంటరు బిడ్డా. నేను ఎవ్వరికీ చెప్పలే" అంది. నన్ను బడిలో నిలబెట్టడానికి మా అమ్మ దాచిన నిజం, ముప్పై ఏళ్ల తర్వాత నాకు వైద్యం కావాలంటే బయటికి రావాల్సి వచ్చింది.

మరి హాస్టల్లో ఎట్లా నెగ్గావు అని అడగొచ్చు మీరు. గురుకులంలో ఐదింటికి గంట. స్టడీ అవర్‌కు గంట. తినడానికి, పడుకోవడానికి గంట. నా తలలో లేని గడియారాన్ని ఆ గంట నడిపింది. యూనివర్సిటీకి వచ్చాక గంట కొట్టేవాళ్లు లేరు, నేను కూలిపోయాను. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల థీసిస్ దగ్గర ఎనిమిదేళ్లు ఎందుకు కూర్చుందో డిపార్ట్‌మెంట్లో ఒకాయన తేలిగ్గా తేల్చేశాడు. "కోటాలో వస్తే ఇట్లనే ఉంటది." నా బద్ధకం అన్న మాటా, ఆయన కోటా అన్న మాటా - రెండూ వెతకడం ఆపేయించే మాటలే.

ఒక ప్రశ్న నన్ను చాలా భయపెట్టింది. ఇదంతా నిజంగా ఏడీహెచ్‌డీనా, లేక కులం చేసిన గాయమా? స్టాఫ్‌రూంలో అడుగుపెడితే ఎవరు ఎట్లా చూస్తున్నారో, నా మీద ఏం మాట్లాడుకున్నారో అని తల సగం అక్కడే ఉంటుంది. అట్లాంటప్పుడు చేతిలో పని మీద ధ్యాస ఎక్కడుంటుంది? ఇది మీలో చాలామందికి తెలిసిన సంగతే. సైకాలజిస్టును సూటిగా అడిగాను. ఆమె ఎదురు ప్రశ్న వేసింది: "మిమ్మల్ని ఎవరూ తూచని చోట ఎట్లా ఉంటారు?"

ఆలోచించాను. ఒంటరిగా ఉన్నప్పుడూ పాలు పొంగబెడతాను. ఏప్రిల్ 14న మన వాడలో, మన మనుషుల మధ్య, నాకు అప్పగించిన ఒక్క బ్యానరూ ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. అక్కడ నన్ను తూచేవాళ్లెవరూ లేరు. కాబట్టి రెండూ ఉన్నాయి. స్టాఫ్‌రూం భయానికి గోలీ లేదు, దానికి పోరాటమే. పొంగిన పాలకు మాత్రం వైద్యం ఉంది. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని కప్పేయకూడదని మూడు సిట్టింగులయ్యాక నాకు అర్థమైంది.

రిపోర్టు వచ్చింది. ఏడీహెచ్‌డీ, ప్రధానంగా ధ్యాస లోపించే రకం. దాన్ని మూడు నెలలు దాచుకున్నాను. బయటపెడితే ఆ కోటా అన్నాయన "నేను చెప్పలేదా" అంటాడని. చివరికి ఆ కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రి గుర్తొచ్చి ఇది రాస్తున్నాను. రిపోర్టు నా తప్పును మాఫీ చేయదు. అది మళ్లీ జరగకుండా ఏం చేయాలో చెప్పింది. ఇప్పుడు మందు వాడుతున్నాను. గడువులు గోడ మీద పెద్దక్షరాలతో రాస్తున్నాను. మార్కులు ఎక్కించే రోజు పక్కన ఒక కొలీగ్‌ను కూర్చోబెట్టుకుంటున్నాను.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నాలుగు మాటలు. రీల్స్ చూసి మీకు మీరే పేరు పెట్టుకోకండి. రక్తహీనత, నిద్రలేమి, దిగులు, ఆందోళన కూడా ఇట్లనే కనబడతాయి. ముందు అవి చూపించుకోండి. సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానాల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. పోలేని పరిస్థితిలో 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఉచితం. పోయేటప్పుడు మిమ్మల్ని పన్నెండేళ్ల లోపు ఎరిగిన మనిషిని తీసుకుపోండి. ప్రోగ్రెస్ కార్డు లేదని వెనక్కి రాకండి, మీరు చేసిన పనుల గురించి చెప్పించండి. మిత్రుడి గోలీలు పరీక్షల కోసం అడుక్కోకండి. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉన్న మందు, డాక్టర్ చీటీ లేకుండా తీసుకోకూడదు. ఇంకొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. పరీక్షల్లో అదనపు సమయం అడగడం అందుకే కష్టమవుతోంది. ఇది మన విద్యార్థి సంఘాల డిమాండ్లలోకి రావాలి.

చివరి మాట టీచర్లకు. ముందు నాకు.

రెండేళ్ల కింద నా క్లాసులో మన పిల్లవాడు ఒకడుండేవాడు. అసైన్‌మెంటు సగం రాసి తెచ్చేవాడు. క్లాసులో కిటికీ లోంచి బయటికి చూసేవాడు. ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, "మన పిల్లలకు రెండో అవకాశం ఉండదురా, నువ్వే ఇట్లా ఉంటే ఎట్లా?" అన్నాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను. ఆ సారు వాడనంతా ఒక్క మాటలో చుట్టేసినట్టే, నేను వాడి మీద జాతి మొత్తం బరువు పెట్టాను. ఇద్దరమూ ఆ పిల్లవాడు ఒక్కడిని చూడలేదు. వాడు ఆ తర్వాత కాలేజీకి రాలేదు. వాడికి ఏముందో నాకు తెలియదు. ఏమీ లేకపోవచ్చు కూడా. అడగలేదు, అదే నా తప్పు.

ఈ వారం వాడి నంబరు సంపాదించాను. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. రేపు మళ్లీ చేయాలి. మర్చిపోకుండా గోడ మీద రాసుకున్నాను.

జై భీమ్.