మాత్రకు తొడిగిన చొక్కా

చెప్పొద్దూ, మాత్రలు నూరడంలో నాకున్న నేర్పు మా వికారాబాదులో మరొకరికి ఉండదనుకునేదాన్ని. మా అత్తయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు. మాత్ర గొంతుకు అడ్డం పడుతుందని భయం. అందుకని రోజూ పొద్దున్నే ఆవిడ కడుపుమంట మాత్రను చిన్న కల్వంలో మెత్తగా నూరి, తేనెలో రంగరించి నాకించేదాన్ని. "కోడలంటే నువ్వేనమ్మా" అనేది. ఆ మాట కోసం ఇంకో నాలుగు మాత్రలైనా నూరేదాన్ని!

రెండు వారాలైనా మంట తగ్గలేదు. ఆవిడ రాత్రిళ్లు లేచి కూర్చునేది. నేను డాక్టరుగారిని తిట్టుకున్నాను. మందులో కల్తీ అన్నాను. ఆఖరికి, "చాటుగా మిరపకాయ బజ్జీలు తింటున్నారేమో" అని పైకే అనేశాను. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ పూట అన్నం సగమే తిన్నది.

"మాత్ర ఎలా వేస్తున్నారమ్మా?" అని డాక్టరుగారు అడిగితే గర్వంగా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ పాంటోప్రజోల్ మాత్ర మీద పల్చటి పొర ఉంటుందట. కడుపులోని ఆమ్లానికి అది కరగదు. చిన్నపేగులోకి దిగి, పులుపు తగ్గాకే విడుతుంది. లోపలి మందేమో ఆమ్లానికి ఆగదు. అంటే నేను రోజూ దాని చొక్కా విప్పి నిప్పుల్లోకి తోశానన్నమాట! మింగలేనివారికి వేరే రకం మందులుంటాయి, అడగకుండా నూరకండి అన్నారు.

అలాంటి పొరలకు మోదుగ చెట్ల మీద పెరిగే లక్క కూడా పనికొస్తుందట. రొయ్య పెంకుల్లోంచి తీసే కైటోసాన్‌ది తిరకాసు గుణం, పులుపులోనే కరుగుతుంది. పుండు దగ్గరి పులుపునో వేడినో పసిగట్టి, అక్కడే మందు వదిలే పొరల కోసం శాస్త్రజ్ఞులు పాటుపడుతున్నారు.

ఆదివారం అత్తయ్యను అనంతగిరి పద్మనాభస్వామి గుడికి తీసుకెళ్లాను. దారిలో నిజాం హయాంనాటి క్షయ ఆసుపత్రి. 1943లో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ మనదాకా వచ్చేవరకు ఆ జబ్బుకు కొండగాలి, విశ్రాంతి, మంచి తిండే వైద్యం. ఇప్పుడు మందు ఇంట్లోనే ఉంది. చేరాల్సిన చోటికి చేరనివ్వనిది నేనే.

మెట్ల మీద కూర్చుని, "బజ్జీల మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మాత్రలు నూరడం మానేశావుగా! ఇక నా మీద పళ్లు నూరడం కూడా మానెయ్యమ్మా" అంది.