ఆమె అడుగుపెట్టని మేడ

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ ఉద్యానంలో పెటీ ట్రియనాన్ అనే చిన్న మేడ ఉంది. దాన్ని చూడగానే చాలామందికి గుర్తొచ్చేది రాణి మేరీ ఆంటోనెట్. కానీ ఆ మేడ తలపెట్టింది ఆమె కోసం కాదు... రాజుగారి ప్రియురాలి కోసం!

ఆమే మేడమ్ పాంపడూర్. పుట్టింటి పేరు పువాసాన్. ఫ్రెంచిలో చేప అని అర్థం. ప్రభువుల వంశం కాదాయె, గిట్టనివాళ్లు ఆ పేరు మీదే ఎగతాళి పాటలు కట్టారు. 1745లో పదిహేనో లూయీ ఆమెను రాజప్రాసాదానికి తీసుకొచ్చి, తన నివాసం పైఅంతస్తులోని గదులిచ్చాడు. 1750 నాటికి ఆ బంధం స్నేహంగా మారింది. ఇంకొకరైతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆమె మాత్రం కింది అంతస్తులోని మరింత మంచి నివాసానికి మారింది. పదవులు కోరేవాళ్లు ఆమె గుమ్మం ముందే పడిగాపులు కాసేవారు.

రాజకుటుంబీకులు కానివారు ఆ ప్రాసాదంలో కన్నుమూయకూడదన్నది ఆచారం. జబ్బుపడిన ఆమె కోసం రాజు దాన్నీ సడలించాడు. 1764 ఏప్రిల్ 15న, 42 ఏళ్లకే ఆమె అక్కడే పోయింది. ఆ వెంటనే భౌతికకాయాన్ని బయటికి తరలించేశారు.

1762లో మొదలైన మేడ 1768లో పూర్తయింది. రాజుగారి కొత్త ప్రియురాలు దు బారీ అక్కడ గడిపింది. 1774లో మేరీ ఆంటోనెట్‌కి దక్కింది. ఎవరి కోసం పునాది తీశారో ఆమె మాత్రం ఒక్క పూటైనా అందులో ఉండలేదు.