మిగతా రోజుల సంగతి

సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తూ, యూనివర్సిటీలో వారానికి నాలుగు క్లాసులు చెబుతోంది ఆమె. సొంతూరు కారంపూడి పక్కన చిన్న పల్లె. ఎదురుగా ఉన్న పీజీ పిల్లలకూ ఆమెకూ వయసులో ఐదారేళ్ల తేడా. ఆ రోజు పాఠం కులం.

'సంస్కృతీకరణ' గురించి 1952లో కూర్గుల మీద వెలువడిన పుస్తకంలో ఎం.ఎన్.శ్రీనివాస్ రాశారని చెప్పింది. 1955 నాటి ఎస్.సి.దూబే 'ఇండియన్ విలేజ్'లోని ఊరు మన హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటేనంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటారో చూస్తే ఊరు సగం అర్థమవుతుందంది. నోటుపుస్తకాల్లోంచి తలలు లేవలేదు. ఇక తన పల్నాడు కథ ఎత్తుకుంది.

బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడంటారు. మాల కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనానిని చేశాడంటారు. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు. చిన్నప్పుడు తానూ ఆ కూడు తిన్నానని గర్వంగా చెప్పింది.

చివరి బెంచీ కుర్రాడు లేచాడు. "ఆ ఒక్కరోజు సరే మేడమ్. మిగతా రోజుల్లో మీ ఇంట్లో ఎలా ఉంటుంది?"

ఆమె దగ్గర జవాబు లేదు. వచ్చే క్లాసులో చెబుతానంది.

శనివారం ఊరెళ్లింది. మిరపకోతల రోజులు. కూలికొచ్చిన పెద్దావిడ వసారా చూరులో దోపిన సత్తుగ్లాసు తీసుకుని టీ కోసం నిలబడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గ్లాసే! పరిశోధన కోసం ఊరూరా తిరిగి ఎన్నో ఇళ్లలో ప్రశ్నలు వేసిన మనిషి, సొంతింట్లో మొదటిసారి నోరు తెరిచింది.

"నాయనమ్మా, ఆ గ్లాసు విడిగా ఎందుకు?"

"మా అత్తగారి నాటి నుంచీ అక్కడే ఉంది."

"మరి చాపకూడు మనమూ తిన్నాం కదా?"

"అది దేవుడి తిండమ్మా. ఇది ఇల్లు."

ఆమె వంటింట్లోకి వెళ్లి అందరూ తాగే స్టీలు గ్లాసులో టీ పోసి తెచ్చింది. పెద్దావిడ అందుకోలేదు. ముందు నాయనమ్మ ముఖంలోకి చూసింది. ఆ చూపు ఏ పుస్తకంలోనూ ఆమెకు కనిపించలేదు. కాసేపటికి పెద్దావిడ టీ తాగింది. సత్తుగ్లాసును ఆమె కడిగి వంటింటి గూట్లో మిగతా గ్లాసుల మధ్య పెట్టింది. బయల్దేరే దాకా నాయనమ్మ మాట్లాడలేదు.

సోమవారం క్లాసులో ఇదంతా దాచకుండా చెప్పింది. ఈసారి ఎవరూ నోట్సు రాసుకోలేదు. చివరి బెంచీ కుర్రాడు మెల్లగా అడిగాడు.

"ఆ గ్లాసు ఇప్పుడెక్కడుంది మేడమ్?"

"నేను వచ్చేటప్పటికి గూట్లోనే ఉంది" అంది ఆమె. "ఇప్పుడెక్కడుందో మళ్లీ వెళ్లి చూడాలి."