పాత కారు వెల

పాత వస్తువును అమ్మేవాడు సాధారణంగా దాని వయస్సును దాచాలని చూస్తాడు. అమెరికాలో మజిల్ కార్ల అమ్మకం తీరు వేరు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. వంటి ఆ కార్లు మధ్యరకం కారులో పెద్ద ఇంజనును ఇముడ్చుకొని యువతను ఉర్రూతలూగించాయి. పొగను అదుపు చేసే చట్టాలు, 1973 నాటి చమురు సంక్షోభం వాటి వైభవాన్ని అణచివేశాయి.

తుప్పుపట్టిన అటువంటి కార్లను కొందరు ఏళ్ళ తరబడి శ్రమించి పునరుద్ధరిస్తారు. కొనేవారు మాత్రం రంగు మెరుపుకు మురిసిపోరు. కారుతో పుట్టిన ఇంజనేనా అని సంఖ్యలు సరిచూస్తారు. ‘బులిట్’ చిత్రంలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన ఫోర్డ్ మస్టాంగ్‌ను ఒక కుటుంబం 1974లో సుమారు 6 వేల డాలర్లకు కొన్నది. పైమెరుగులు దిద్దకుండా సొట్టలతోనే నిలిచిన ఆ కారు, 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంపాటలో 34 లక్షల డాలర్లు పలికింది.

పునరుద్ధరణ తగదని నేననను. తుప్పు తిన్న రేకును మార్చకపోతే కారే మిగలదు. అయితే మార్చినదేదో, మిగిలినదేదో దాచక చెప్పడం అమ్మేవాని ధర్మమని నా నమ్మకం. ఆ మాటతో వెల కొంత తగ్గవచ్చు. కాని, కొన్నవాడు రేపు బానెట్ ఎత్తి చూచినప్పుడు అమ్మినవానిపై గౌరవం తగ్గదు.