ఉక్కు ఊళ్లో నగల మజూరీ

జంషెడ్‌పూర్‌లో ఉక్కుకూ నగకూ పాత చుట్టరికమే ఉంది. 1924లో టాటా ఉక్కు కంపెనీ జీతాలకు కూడా డబ్బు లేని స్థితికి చేరినప్పుడు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తితో పాటు భార్య మెహర్‌బాయి ధరించే జూబ్లీ వజ్రాన్నీ ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. 245 క్యారెట్ల ఆ వజ్రం కోహినూర్‌కు రెట్టింపు పైమాటే. ఆనాడు నగ ఉక్కును కాపాడింది.

ఉక్కు కూడా నగ కాగలదు. దానికి కొలిమి అక్కర్లేదు, సాక్చి బజారులో ఓ హార్డ్‌వేర్ దుకాణం చాలు. వాషర్లు, నట్లు, స్ప్రింగులు, రాగి తీగ అన్నీ అక్కడే దొరుకుతాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీ నుంచి అమెరికా వలస వెళ్లిన నేత కళాకారిణి ఆనీ ఆల్బర్స్ మెక్సికోలోని మోంటే అల్బాన్ సమాధుల్లో బయటపడ్డ ప్రాచీన నగలు చూశారు. బంగారం, ముత్యాల సరసన మామూలు గవ్వలు ఒదిగి ఉండటం ఆమెను ఆకట్టుకుంది. 1940 ప్రాంతంలో శిష్యుడు అలెక్స్ రీడ్‌తో కలిసి వాషర్లు, పేపర్ క్లిప్పులు, సింకు జల్లెడలతో హారాలు చేశారు. 1946లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం చేతి నగల ప్రదర్శనలో వాళ్ల పనికి చోటు దక్కింది.

నిజానికి అంత దూరం పోనక్కర్లేదు. బెంగాలీ ఇల్లాళ్ల చేతికి శంఖు గాజుల పక్కన ఇనుప గాజు ఉంటుంది. అది ఐదోతనానికి గుర్తు. ఉక్కు పని కోసం ఈ ఊరికి వలస వచ్చిన తెలుగువాళ్లకు, శని దోషానికి గుర్రపు నాడాతో చేయించే ఉంగరం తెలియంది కాదు.

పని కష్టం కాదు గానీ ఓపిక కావాలి. వాషర్లకు అంటిన నూనెను సబ్బు నీళ్లతో కడగాలి. అంచులు గీరుకుంటాయి కనుక ఆకురాయితో, ఆపై ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. మామూలు ఇనుము చెమటకు తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. నికెల్ పూత కొందరి చర్మానికి పడదు. వాషర్లను ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేలా పేర్చి, రంధ్రాల గుండా రిబ్బన్ పోనిస్తే హారం సిద్ధం.

అయితే ఇది బంగారానికి ప్రత్యామ్నాయం అనడం మాత్రం ఆత్మవంచనే. మన ఇళ్లలో బంగారం ఆపద్ధనం. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో మెడలో గొలుసే బ్యాంకుకు నడుస్తుంది. వాషర్ల హారానికి ఏ బ్యాంకూ రూపాయి ఇవ్వదు. ఆపద్ధనం కనుకే బంగారం లాకర్లో ఉండి పెళ్లిళ్లకే బయటికొస్తుంది. బస్సెక్కితే కొంగు చాటున దాక్కుంటుంది. కొద్ది రూపాయల సరుకుతో చేసుకున్న హారానికి ఆ బెంగ లేదు. రోజూ వేసుకోవచ్చు, తెగితే మళ్లీ గుచ్చుకోవచ్చు.

బంగారు నగ బిల్లులో సింహభాగం లోహానిదే, మజూరీ చివర్లో చేరే చిన్న పద్దు. ఈ నగలో మాత్రం లోహమే కొసరు, మిగతాదంతా మజూరీయే. ఆ మజూరీ కూడా వేసుకున్న మనిషిదే.