శామీర్‌పేట చెరువు కట్టపై ఒక ముడి

మేడ్చల్ పట్టణం నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారిపై ఉంది. శామీర్‌పేట కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారిపై ఉంది. ఈ రెండు బాటల నడుమ ఒకప్పుడు సీతాఫలపు పొదలు, బండరాళ్ళు, మెట్ట చేలు కనిపించేవి. నేడు గోదాములు, ప్లాట్ల హద్దురాళ్ళు, బాహ్య వలయ రహదారి కనిపిస్తున్నాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి పేరిట జిల్లా ఏర్పడిన తరువాత ఈ మార్పు మరింత వేగం పుంజుకుంది. అయినా శామీర్‌పేట చెరువు కట్ట ఎక్కి నిలబడితే, నీటి మీదుగా వచ్చే గాలి మనిషిని కాసేపు నెమ్మదింపజేస్తుంది. నిజాం పాలన నాటి చెరువు ఇది.

మద్రసాలకు శుక్రవారం సెలవు. గత వర్షాకాలం చివర ఒక శుక్రవారం, ఫజ్ర్ నమాజు ముగించుకుని, పెద్ద తరగతి విద్యార్థులు ఇద్దరిని వెంటబెట్టుకుని మేము ఆ చెరువుకు వెళ్ళాము. వారిలో ఒకడు కూడబెట్టుకున్న డబ్బుతో ఒక రాడ్డు, రీలు, ఒక పెట్టె నిండా కృత్రిమ ఎరలు కొనుక్కున్నాడు. రబ్బరు కప్పలు, తళతళలాడే రేకు చెంచాలు, చిరుచేపను పోలిన కొయ్య బొమ్మలు అందులో ఉన్నాయి. బాల్యంలో వెదురు కర్రకు తంగూసు కట్టి, వానపాము గుచ్చి గాలం వేసిన మాకు ఆ పెట్టె వింతగానే తోచింది.

చెరువు నీరు అందరిదీ అనిపించవచ్చు గాని, అందులోని చేపపై హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘానిది. వారే పిల్లలను వదిలి, పెంచి, వలలు వేసి బతుకుతారు. అందుచేత ముందుగా కట్ట దిగువన వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుని వద్దకు వెళ్ళి సలాము చేసి అనుమతి కోరాము. "ఒకటి రెండు పట్టుకోండ్రి సాబ్. పిల్లలతోని తిరిగే కొర్రమీను జోలికి మాత్రం పోకుండ్రి" అన్నాడాయన.

ఆ మాటకు అర్థముంది. కొర్రమీను 2016 నుండి తెలంగాణ రాష్ట్ర చేప. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే జీవి అది. వానలు పడగానే గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైభాగాన తిరుగుతుంటే తల్లీ తండ్రీ రెండూ కిందనే కాపలా కాస్తాయి. ఆ సమయంలో దగ్గరకు వచ్చిన దేనినైనా అవి ఆకలితో గాక, కోపంతో కరుస్తాయి. అప్పుడు వాటిని పట్టడం సులువు. పెద్దవి పోతే ఆ పిల్లలు మిగలడం కష్టం.

ఇక ఎరను దారానికి తగిలించే విషయం. ఇది చిన్న పనే గాని, మనిషికీ చేపకూ నడుమ ఉన్న బలమంతా ఈ అంగుళం మేర ముడిలోనే ఉంటుంది. ఒంటి పోగు తంగూసుకు క్లించ్ ముడి సరిపోతుంది. కొసను గాలం కన్నులో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కన్ను పక్కనే ఏర్పడిన చిన్న ఉచ్చులోంచీ, ఆపై పెద్ద ఉచ్చులోంచీ తీసి బిగించాలి. బిగించే ముందు నీటితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు బలహీనపడుతుంది. అల్లిక దారం మరీ నున్నన, దానిపై ఈ ముడి జారుతుంది. దానికి పాలోమార్ ముడి మేలు: దారాన్ని రెండు పేటలుగా మడిచి కన్నులో దూర్చి, వదులుగా మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి ఎరనంతా దాటించి తడిపి బిగించాలి.

మాటిమాటికీ ఎర మార్చేవారికి క్లిప్పు అనుకూలం. కొయ్య చేపకు చిన్న క్లిప్పు తగిలిస్తే అది నీటిలో స్వేచ్ఛగా ఊగుతుంది. గిరగిర తిరిగే రేకు ఎరకు తిరుగుడు స్వివెల్ ఉన్న క్లిప్పు కావాలి, లేకుంటే దారం పురి ఎక్కి చిక్కుపడుతుంది. రబ్బరు కప్పను గుర్రపుడెక్క నడుమ లాగాలి గనుక దానిని నేరుగా దారానికే కట్టాలి. క్లిప్పు ఉంటే నాచు పట్టుకుంటుంది. ఇంతకూ క్లిప్పు ఉన్నంత మాత్రాన ముడి తప్పదు. ఆ క్లిప్పును దారానికి కట్టేదీ ముడే.

ఇవన్నీ ఆ విద్యార్థి తాను నేర్చుకున్నది మాకు నేర్పాడు. ఆ పూట గురువు అతడే. పొద్దెక్కింది. జుమా నమాజుకు తిరిగి వెళ్ళాలి. చివరిసారి ఒక కప్పను వేద్దామని రాడ్డు మేము అందుకున్నాము. "తడిపారా ఉస్తాద్?" అని అడిగాడు వాడు. "చాలు, సమయం లేదు" అన్నాము. అల్లిక దారానికి క్లించ్ ముడి, అదీ మూడు చుట్లతో వేసి విసిరాము.

రెండవసారి లాగుతుండగానే నీరు పగిలింది. రాడ్డు వంగింది. మరుక్షణం దారం ఖాళీగా తేలిపోయింది. దారం తెగిందన్నాము. వృద్ధుడు వచ్చి కొసను వేళ్ళ మధ్య పట్టి చూపాడు. అది బీరతీగ నులిలా మెలికలు తిరిగి ఉంది. "తెగితే కొస తిన్నగుంటది. ఇది జారిన ముడి సాబ్. తప్పు దారంది కాదు."

తొందరపాటు షైతాను వైపు నుండి వస్తుందని ఏటేటా పాఠం చెప్పే మేము ఆ కట్టపై తల వంచుకుని నిలబడ్డాము. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై నమ్మకం ఉంచమన్న మహాప్రవక్త (స) బోధను ఎన్ని తరగతులలో వివరించామో లెక్కలేదు. అయితే కట్టడమంటే బిగిసేలా కట్టడమని ఆ ఉదయమే మాకు తెలిసింది. చేపకు జబహ్ అవసరం లేదు, అది మనకు హలాల్. కాని తినడానికి ఇచ్చిన అనుమతి, నోట ఇనుము గుచ్చి వదిలేయడానికి ఇచ్చిన అనుమతి కాదు కదా!

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా ఇల్లాలు కుట్టుపని ఆపి ఒక్క మాటే అడిగింది: "మరి అదిప్పుడు ఎలా తింటుందండీ?" మేము జవాబు చెప్పలేకపోయాము.

ఆ తరువాత రెండు పర్యాయాలు వెళ్ళాము. ఇప్పుడు గాలాల ముళ్ళను పట్టకారుతో నొక్కి చదును చేసుకుంటున్నాము, ముడి జారినా చేప గాలాన్ని విదిలించుకునే వీలుంటుంది. వేసే ముందు దారం చివరి మూరను వేళ్ళతో తడిమి, గరుకు తగిలితే కోసి మళ్ళీ కడుతున్నాము. కోసిన ముక్కలను కొంగల కాళ్ళకు చుట్టుకోకుండా జేబులో వేసుకుని ఇంటికి తెస్తున్నాము. ముడి వేసిన ప్రతిసారీ పక్కవాడు లాగి చూడాలన్నది మా నియమం. మేము వేసిన ముడిని ఆ విద్యార్థే లాగి చూస్తాడు. మొన్న ఒకటి జారింది. వాడు ఏమీ అనక దారం మా చేతికిచ్చాడు. మేము చెరువు నీటిలో వేళ్ళు ముంచి, బిస్మిల్లాహ్ అని, మళ్ళీ మొదటి నుండి కట్టాము.