సామల్పట్టిలో దిగిన క్లాసు

జీవావరణ శాస్త్రంలో మేం చదివిందీ, తర్వాత పాఠం చెప్పిందీ ఓడమ్ పుస్తకమే. 1953లో మొదట అచ్చయిన ఆ పుస్తకంలో ప్రకృతి అంటే కెనడా మంచు కుందేళ్లు, వాటిని తినే లింక్స్ పిల్లులు, హడ్సన్ బే కంపెనీ తోళ్ల లెక్కల్లోంచి తీసిన గీతలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషుగా బతికే కృష్ణగిరి పల్లె పిల్లలు ఆ గీతలు చక్కగా దించేసేవాళ్లు. మంచు వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు.

అందుకని ప్యాసింజరు బండెక్కించి సామల్పట్టిలో దింపేవాణ్ణి. జోలార్‌పేట–సేలం దారిలో చిన్న స్టేషను. భూగర్భ శాస్త్రం వాళ్లకు మాత్రం పెద్ద పేరు. కార్బొనటైట్ అనే అరుదైన అగ్నిశిల ఇక్కడుంది, వయసు 70, 80 కోట్ల ఏళ్లు. వాళ్లు సుత్తులు పట్టుకుని వచ్చేవాళ్లు. మాకు ఒక బావి చాలు.

రాగి చేల నడుమ పెద్ద దిగుడు బావులుండేవి. కపిల తోలడం నా చిన్నతనంతోనే పోయింది, నీళ్లు మాత్రం ఇంకా ఉండేవి. బావి మీదికి వంగిన ఈత మట్టలకు గిజిగాళ్ల గూళ్లు. పాము మట్ట చివరిదాకా పాకాలంటే కింద నీళ్లు. మగపిట్ట సగం గూడల్లి ఆపుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం. ఇక్కడ ఆడపిల్లలు నవ్వేవాళ్లు, మగపిల్లలు నేల చూసేవాళ్లు. గూట్లో తడిమట్టి ఎందుకు అంటిస్తుందో చెప్పమంటే ఒక్కొక్కరిదీ ఒక్కో వాదం. ఏ వాదాన్ని ఎలా పరీక్షించాలో గట్టు మీదే కూర్చుని తేల్చుకునేవాళ్లం. అంత మంచి క్లాసు గదిలో ఎన్నడూ జరగలేదు.

బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులెండాయి. రాగి చేలు తోతాపురి తోటలయ్యాయి, కాయంతా గుజ్జు ఫ్యాక్టరీలకు. గిజిగాడు పోలేదు, కరెంటు తీగల మీదా అల్లుకుంటోంది. ఆ బావుల మీది గుంపులే లేవు.

రాబందుల సంగతి అలా కాదు. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్, ఆ కళేబరం తిన్న పక్షి మూత్రపిండాలను పాడుచేసింది. కారణం 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. బోర్డు మీద ఈ లెక్క వేయిస్తే పిల్లలు నమ్మేవాళ్లు కారు: 760 కళేబరాల్లో ఒక్కదాంట్లో విషమున్నా ఈ పతనానికి సరిపోవచ్చు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, ఈడుకు రావడానికి అయిదేళ్లు పడుతుంది. చావులు కాస్త పెరిగినా పుట్టుకలు అందుకోలేవు. తమిళనాడులో ఇప్పుడు వాటిని చూడాలంటే నీలగిరి పక్క మోయార్ లోయకు పోవాలి.

ఒక అబ్బాయి అడిగాడు, "మేం చూడనే లేదు కదా సార్, పోయిందని మాకెట్లా తెలుస్తుంది?" డేనియల్ పాలీ 1995లో చేపల శాస్త్రజ్ఞుల గురించి రాసింది ఇదే. ప్రతి తరమూ తాను వయసులో చూసినదాన్నే నిండు సముద్రమనుకుంటుంది. నేనూ అంతే. నాకు రాబందులున్న ఊరు నిండు ఊరు. మా తాతకు గుట్ట మీద చిరుత ఉంటేనే గుట్ట.

సుప్రీంకోర్టు చెప్పాక, 2003 తర్వాత డిగ్రీ పిల్లలందరికీ ఎన్విరాన్‌మెంట్ పేపరు తప్పనిసరైంది. ఉద్దేశం మంచిదే. వెంటనే గైడ్లు వచ్చాయి, ఓజోన్ మీద అయిదు పాయింట్లు కంఠస్థమయ్యాయి. నేను మాత్రం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మనేవాణ్ణి: మీ ఊళ్లో ఒకప్పుడుండి ఇప్పుడు లేనిదేది, ఎప్పుడు పోయింది, ఎందుకు?

ఊత్తంగర వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి వాళ్లవ్వ మాటలు ఉన్నవున్నట్టు రాసింది. "ఎద్దు చస్తే ఊరి బయట ఏసేవాళ్లం నాయనా. పొద్దుగూకేలోగా ఎముకలే మిగిలేవి. ఇప్పుడు కుక్కలు చేరతా ఉండాయి." పదికి ఎనిమిది వేశాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు రికార్డు తిరగేసి, "రిఫరెన్సు ఏదండీ?" అన్నాడు. కింద అవ్వ పేరు, ఊరు, వయసు రాసి ఉన్నాయి. చూపించాను.